పాత ఎంఎక్స్-5: 2వ గేరు కర్‌ర్‌మంటోంది, 3వ గేరు ఊడిపోతోంది. గేర్‌బాక్సు విప్పాల్సిందేనా?

పాతచక్రం:
బండి మొదటి తరం మజ్డా ఎంఎక్స్-5. 1.6 లీటర్ల ఇంజను, 5 గేర్ల మాన్యువల్. గేర్‌బాక్సు ఇంతవరకూ విప్పినట్టు లేదు. లక్షణాలు ఇవీ:

3 నుంచి 2కి దింపుతుంటే కర్‌ర్‌మంటుంది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. 3వ గేరులో వెళ్తూ యాక్సిలరేటరు ఠక్కున వదిలితే లివరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్లో సన్నగా గరగర. క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. ఆయిల్ దింపి చూస్తే అడుగున బంగారు రంగు పొడి, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి నల్లటి ముద్ద.

ఆయిల్ మార్చి చూడమని కొందరు, పెట్టె మొత్తం విప్పమని కొందరు అంటున్నారు. విప్పితే ఏమేం మార్చాలి, ఏది కొలవాలి?

బేరింగుబాబాయ్:
విప్పడానికి ముందు క్లచ్ సంగతి తేల్చండి. గేర్‌బాక్సు మీదికి వచ్చే నిందల్లో సగం క్లచ్ సరిగ్గా విడవకపోవడం వల్లే.

ఇంజను ఐడిల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కండి. నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. క్లచ్ బాగా విడుస్తుంటే ఆ వ్యవధిలో, క్లచ్ నుంచి పెట్టెలోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు ఆగిపోయి రివర్సు నిశ్శబ్దంగా పడాలి. అప్పుడు కూడా కర్‌ర్‌మంటే తప్పు సింక్రోది (గేరు పడేముందు రెండు వైపుల వేగాల్ని కలిపే రింగు అమరిక) కాదు. స్లేవ్ సిలిండరు (పెడలు నొక్కుడును క్లచ్‌కి అందించే చిన్న హైడ్రాలిక్ సిలిండరు) కారుతోందేమో, రబ్బరు గొట్టం ఉబ్బుతోందేమో, ఇన్‌పుట్ షాఫ్టు ముందు కొనను మోసే పైలట్ బేరింగు పట్టేసిందేమో చూడండి. స్లేవ్ మీది రబ్బరు తొడుగు కొద్దిగా వెనక్కి లాగి చూస్తే లోపల తడి కనిపిస్తుంది.

పాతచక్రం:
చూశాను. రివర్సు నిశ్శబ్దంగానే పడుతోంది, స్లేవ్ పొడిగా ఉంది.

ఇత్తడిరింగు:
అయితే పెట్టె లోపలిదే. మీరు చెప్పినవి మూడూ ఒకే జబ్బు కాదు, వేటికవే వేరు. కలిపి చూస్తే తప్పు సామాన్లు కొంటారు.

2వ గేరు శబ్దం సింక్రో రింగుది. ఈ పెట్టెలో 1 నుంచి 5 వరకు గేర్ల నిష్పత్తులు 3.136, 1.888, 1.330, 1.000, 0.814. 3వ గేరులో 3000 ఆర్‌పీఎం దగ్గర 2కి దింపారనుకోండి. ఇన్‌పుట్ వైపు వేగం 1.888 భాగించు 1.330 వంతు, అంటే దాదాపు 4260కి పెరగాలి. క్లచ్ ప్లేటును, ఇన్‌పుట్ షాఫ్టును, దానితో పళ్లు కలిపి తిరిగే కౌంటర్ షాఫ్టును ఆ వేగానికి ఎత్తేది ఇత్తడి రింగు ఒక్కటే. గేరు కోను (రింగు కూర్చునే వాలు అంచు) మీద ఆయిల్ పొరను కోసుకుని పట్టుకోవడానికి రింగు లోపల సన్నటి గాట్లు ఉంటాయి. అవి అరిగి నున్నబడితే ఆయిల్ మీద జారిపోతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి పొద్దున ఎక్కువ ఏడుస్తుంది. ఆ బంగారు పొడి ఈ రింగులదే.

3వ గేరు ఊడటం రింగు వల్ల కాదు. గేరు పడ్డాక రింగుకి పని అయిపోయినట్టే. పట్టి ఉంచేది స్లీవు (లివరుతో జరిగి గేరును షాఫ్టుకి కలిపే వలయం) పళ్లూ, గేరు పక్కనున్న చిన్న పళ్లూ. ఆ పళ్లను లోపలికి కొద్దిగా వాలుగా కోస్తారు, లోడు పడితే ఒకదాన్నొకటి లాక్కునేలా. ఆ వాలు అరిగి తిరగబడితే లోడు మారగానే స్లీవు బయటికి నెట్టుకుపోతుంది. స్లీవును జరిపే షిఫ్ట్ ఫోర్కు అరిగినా, గేరును పడ్డ చోట నిలిపే డిటెంట్ స్ప్రింగు నీరసించినా, మెయిన్ షాఫ్టు బేరింగు ముందుకీ వెనక్కీ ఆడినా ఇదే జరుగుతుంది.

న్యూట్రల్లో గరగర క్లచ్ తొక్కితే పోతోందంటే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు గానీ కౌంటర్ షాఫ్టు బేరింగులు గానీ. 4వ గేరు డైరెక్టు కదా, అందులో కౌంటర్ షాఫ్టు మీద లోడు ఉండదు. మిగతా గేర్లలో మోత ఉండి 4లో తగ్గితే అనుమానం కౌంటర్ షాఫ్టు మీదికి వెళ్తుంది.

నిదానమే:
3వ గేరు కోసం పెట్టె దించే ముందు లివరు తొడుగు కూడా చూడండి. దళసరి తొడుగు వేసిన బళ్లలో లివరు కాస్త వెనక్కి లాగబడి గేరు పూర్తిగా పడదు. తొడుగు, నాబ్ తీసేసి ఒక చక్కర్ కొట్టి రండి. ఖర్చేం లేదు.

పాతచక్రం:
తొడుగు తీసి నడిపాను, 3 అలాగే ఊడుతోంది. దించేస్తున్నా.

స్పానరు14:
దించేటప్పుడు జనం తడబడే చోట్లు చెప్తాను, మిగతాది మాన్యువల్లో ఉంది.

బ్యాటరీ నెగెటివ్ తీయండి. బండి నాలుగు స్టాండ్ల మీద మట్టంగా ఉండాలి, జాకీ మీద వదిలి కిందికి దూరకండి. ఆయిల్ దింపేముందు పక్కనున్న ఫిల్ ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోండి. అది కదలకపోతే దింపిన ఆయిల్ మళ్లీ పోసే దారి ఉండదు. గేరు లివరు లోపలినుంచే తీసేయాలి. కన్సోలు, తొడుగులు తీశాక మూడు 10 మి.మీ. బోల్టులు. ఇది మరిచిపోయి పెట్టె కిందికి దించితే లివరు తట్టుకుని ఆగుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి మీద గీత గీసుకుని అదే వరసలో తిరిగి బిగించండి. స్లేవ్ సిలిండరు పైపు విప్పక్కర్లేదు. రెండు బోల్టులు తీసి తీగతో పక్కకి కట్టేయండి. ఆ తర్వాత ఎవరూ క్లచ్ పెడలు తొక్కకూడదు, పిస్టను బయటికి దూకుతుంది. స్పీడోమీటరు కేబులు, రివర్సు లైటు స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి వైర్లకు పేర్లు రాసి టేపు అతికించండి.

ఈ బండికి పీపీఎఫ్ అని గేర్‌బాక్సుకీ డిఫరెన్షియల్‌కీ మధ్య పొడుగాటి అల్యూమినియం దూలం ఉంటుంది. వెనక మౌంటు పనంతా అదే చేస్తుంది, గేర్‌బాక్సుకి వేరే క్రాస్‌మెంబరు ఉండదు. అందుకే దూలం తీసేముందు పెట్టె కింద జాకీ ఉండాలి. అది తీయగానే ఇంజను వెనక్కి వాలుతుంది. హెడ్డు వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సరు ఫైర్‌వాల్‌కి కొట్టుకోకుండా సంపు కింద చెక్కముక్క వేసి రెండో జాకీ పెట్టండి. డిఫరెన్షియల్ వైపు బోల్టు స్లీవులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందు రోజే నూనె కొట్టి పెట్టండి, సుత్తితో అల్యూమినియాన్ని బాదకండి.

బెల్‌హౌసింగు (ఇంజనుకి ఆనే, పెట్టె ముందు గంట ఆకారపు భాగం) బోల్టులు ఒక్కొక్కటీ ఒక్కో పొడుగు. అట్టముక్క మీద బెల్‌హౌసింగు బొమ్మ గీసి ఏ బోల్టు ఆ చోట గుచ్చేయండి. పెట్టెను వెనక్కి లాగేటప్పుడు ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటపడేవరకూ బరువు జాకీ మీదే ఉండాలి. షాఫ్టు మీద వేలాడితే ప్లేటు హబ్బు వంగుతుంది. ఒక్కరు చేసే పని కాదు.

షిమ్ముగాడు:
ఇక విప్పడం. బయట కడిగాకే విప్పండి. సీళ్ల దగ్గర పేరుకున్న మట్టి లోపల పడితే కొత్త బేరింగు కూడా మోత పెడుతుంది.

క్లచ్ ఫోర్కు, రిలీజ్ బేరింగు తీశాక బెల్‌హౌసింగు లోపల ఫ్రంట్ కవరు కనిపిస్తుంది. దాని కింద షిమ్ములు (సందు సరిచేసే పల్చటి వలయాలు) ఉంటాయి. కవరు లోపలికి అతుక్కుని ఉండి కనబడవు, ఆయిల్ తుడిచే గుడ్డతో పాటు చెత్తబుట్టలోకి పోతాయి. మందం కొలిచి రాసి పెట్టుకోండి.

డిటెంట్ బంతులు, స్ప్రింగులు ఒక్కో చోటివి ఒక్కో డబ్బాలో వేయండి, కలిపేయకండి. వెనక హౌసింగులు తీశాక 5వ గేరు, రివర్సు సెట్టు బయటపడతాయి. షాఫ్టు వెనక నట్ల అంచును గాడిలోకి గుచ్చి ఉంటారు. ఆ గుచ్చిన భాగాన్ని సన్నటి ఉలితో లేపకుండా విప్పితే షాఫ్టు మర పోతుంది. నట్టు విప్పేటప్పుడు షాఫ్టు తిరగకుండా 1వ గేరు, రివర్సు రెండూ ఒకేసారి వేయండి, పెట్టె దానంతటదే బిగుసుకుంటుంది. ఈ నట్లు మళ్లీ వాడొద్దు.

గేర్లు, హబ్బులు (స్లీవు లోపల షాఫ్టుకి బిగిసి ఉండే చక్రాలు) తీసిన వరసలోనే బల్ల మీద పేర్చండి. ప్రతి హబ్బుకీ స్లీవుకీ తీయకముందే మార్కరుతో గీత గీయండి, ముందు వైపు ఏదో బాణం గుర్తు పెట్టండి. తిరగేసి ఎక్కించిన హబ్బు బల్ల మీద బాగానే కనిపిస్తుంది, గేరు మాత్రం సగమే పడుతుంది.

పాతచక్రం:
విప్పాను. రింగును కోను మీద నొక్కి, రింగు పళ్లకీ గేరు చిన్న పళ్లకీ మధ్య సందు ఫీలర్ గేజితో కొలిచాను. 1వ గేరు 1.2, 2వ గేరు 0.5, 3వ గేరు 0.9, 4వ గేరు 1.1, 5వ గేరు 1.3 మి.మీ. 3-4 స్లీవులో 3 వైపు పళ్ల అంచులు గుండ్రంగా అయ్యాయి. 3వ గేరు పక్కపళ్లు కూడా ఒక వైపు మెరుస్తున్నాయి. 2వ గేరు రింగు ఒక్కటి మారిస్తే చాలా?

ఇత్తడిరింగు:
కొత్త రింగుకి ఆ సందు 1.5 మి.మీ. ఉండాలి, 0.8కి తగ్గితే తీసిపారేయాలి. మీ 2 పోయింది, 3 గడప మీద ఉంది. ఇంత విప్పాక మిగతా నాలుగు రింగుల్ని పాతవే వేసి మూసేయడం నాకు నచ్చదు. అన్నీ మార్చండి.

సందు ఒక్క చోట కొలిస్తే సరిపోదు. రింగును వేళ్లతో సమంగా నొక్కి, కాస్త తిప్పి కూర్చోబెట్టి, చుట్టూ మూడు చోట్ల కొలవండి. మూడూ 0.1 కంటే ఎక్కువ తేడా వస్తే రింగు వంకర పోయినట్టు. కొత్త రింగు వచ్చాక దాన్ని మీ పాత కోను మీదే పెట్టి మళ్లీ కొలవండి. కొత్తదానితో కూడా 1 మి.మీ. దాటకపోతే కోనే అరిగిపోయింది, అప్పుడు గేరు కూడా మారాలి. చాలామంది ఈ కొలత వదిలేసి, కొత్త రింగు వేసినా శబ్దం పోలేదని మొత్తుకుంటారు.

3 విషయంలో స్లీవు ఒక్కటే మార్చడం దండగ. కొత్త స్లీవు అరిగిన పళ్ల మీద నాలుగు రోజుల్లో అదే ఆకారానికి వస్తుంది. 3-4 హబ్బు, స్లీవు, 3వ గేరు కలిపి మార్చండి. గేర్లు విడిగా దొరక్కపోతే వేరే పాత బండిలోంచి తీసిన దాత పెట్టె ఒకటి కొని అందులోంచి తీసుకోండి. అందులోనూ ఇదే కొలత తీసుకున్నాకే.

నిదానమే:
రింగుల్ని వాల్వు గ్రైండింగు పేస్టుతో కోను మీద రుద్దితే పట్టు తిరిగి వస్తుందంటారు కదా?

ఇత్తడిరింగు:
సందు 1.2 ఉండి, కోను మీద ఆయిల్ మాడిన మెరుపు మాత్రమే ఉంటే కొద్దిగా పనిచేస్తుంది. చాలా సన్న పేస్టు, పది పన్నెండు తిప్పులు, అంతే. సందు 0.5 ఉన్నదాన్ని రుద్దితే ఇంకా తగ్గుతుంది తప్ప పెరగదు. పైగా ఆ పేస్టు ఇత్తడిలో ఇరుక్కుని ఉండిపోతే రింగే ఆకురాయి అవుతుంది. కొత్త రింగుల్ని అసలు ముట్టుకోవద్దు.

షిమ్ముగాడు:
నేనైతే పాతవాటిని కూడా రుద్దను. రింగు గాట్ల కొసలు పదునుగా ఉండాలి, పేస్టు మొదట తినేది ఆ కొసల్నే. కోను మీద మెరుపు తీయాలంటే వాడిన సన్న ఎమరీ గుడ్డ చాలు.

బేరింగుబాబాయ్:
బేరింగులు అన్నీ మార్చండి, ఇన్‌పుట్, మెయిన్, కౌంటర్ షాఫ్టువి అన్నీ. బయటి వలయం మీద చెక్కిన నంబరు ప్రకారం తెచ్చుకుంటే సరిపోతుంది, నంబరు వెనక క్లియరెన్సు గుర్తు ఉంటే అది కూడా సరిపోలాలి. పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు, ఇన్‌పుట్ సీలు, వెనక సీలు కూడా ఈ సందర్భంలోనే.

షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ప్రెస్సు బలం లోపలి వలయం మీదే పడాలి. బయటి వలయం మీద నొక్కితే బంతుల కింద దారిలో సొట్టలు పడతాయి. చేత్తో తిప్పితే తెలియదు, బండి ఎక్కాక మోత మొదలవుతుంది. బేరింగును ఆయిల్లో 100 డిగ్రీల వరకు వేడి చేస్తే దాదాపు జారిపోతుంది, ప్రెస్సు అవసరమే తక్కువ. టార్చి మంట మాత్రం చూపించకండి. నీడిల్ బేరింగుల్ని ఆయిల్లో ముంచి ఎక్కించండి. షాఫ్టును రెండు వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో వంకర చూడండి. 0.03 మి.మీ. దాటితే ఆ షాఫ్టు వద్దు.

షిమ్ముగాడు:
బిగింపులో మూడు చోట్ల ఆగి చూసుకోండి.

హబ్బు లోపల మూడు కీ ముక్కలు, రెండు వలయం స్ప్రింగులు ఉంటాయి. ఒక స్ప్రింగు కొక్కెం ఒక కీలో దూరితే, రెండో వైపు స్ప్రింగు దానికి ఎదురు దిశలో తిరగాలి. రెండూ ఒకే దిశలో తిరిగితే కీల మీద ఒత్తిడి సమంగా పడక ఒకటి పక్కకి జారుతుంది. రింగు గాడుల్లో మూడు కీలూ కూర్చున్నాయో లేదో గోరుతో తడిమి చూడండి. కూర్చోకుండా ప్రెస్సు తొక్కితే కొత్త రింగు చిట్లిపోతుంది. చిట్లిన చప్పుడు కూడా పెద్దగా రాదు.

రెండోది షిమ్ములు. కొత్త బేరింగులు వేస్తే పాత షిమ్ము మందం పనికిరాదు. బేరింగు కేసులో ఎంత లోతు కూర్చుందో, కవరు ఎంత లోపలికి వస్తుందో డెప్త్ గేజితో కొలిచి తేడా తీయండి. మిగిలే సందు 0 నుంచి 0.1 మి.మీ. మధ్య ఉండాలి. ఎక్కువ ఉంటే షాఫ్టు ముందుకీ వెనక్కీ జరిగి గేరు ఊడటం మళ్లీ మొదలవుతుంది. అసలు సందు లేకుండా నొక్కి బిగిస్తే బేరింగు వేడెక్కి పోతుంది.

మూడోది షిఫ్ట్ రాడ్ల మధ్య ఉండే ఇంటర్‌లాక్ పిన్నులు. చిన్నవి, నల్లగా ఉంటాయి, కడిగేటప్పుడు దొర్లిపోతాయి. ఒక్కటి మరిచిపోయినా రెండు గేర్లు ఒకేసారి పడే వీలుంటుంది. అది కదులుతున్న బండిలో జరిగితే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి.

అతుకుల మీద పాత సీలెంటు గోకి, బ్రేకు క్లీనరుతో తుడిచి, సన్నటి గీతలా కొత్తది రాయండి. బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి గీత పోవాలి. లావుగా రాస్తే లోపలికి పిండుకుని ఊడి ఆయిల్లో తేలుతుంది.

మూసేశాక బల్ల మీదే పరీక్షించండి. ఇన్‌పుట్ షాఫ్టుకీ వెనక అవుట్‌పుట్ షాఫ్టుకీ గీతలు గీసి చేత్తో తిప్పండి. వెనకది ఒక్క చుట్టు తిరగాలంటే 1వ గేరులో ఇన్‌పుట్ మూడు చుట్లూ ఇంకో 50 డిగ్రీల దాకా తిరగాలి. 2లో రెండు చుట్లకు 40 డిగ్రీలు తక్కువ, 3లో ఒకటీ మూడో వంతు, 4లో సరిగ్గా ఒకటి, 5లో చుట్టుకంటే తక్కువ. లెక్క తప్పితే ఏదో గేరు వేరే పెట్టెది వచ్చి కలిసింది.

పాతచక్రం:
బల్ల మీద 1 నుంచి 4 వరకు లెక్క సరిపోయింది. 5 పడుతోంది, కానీ వెనక్కి రావట్లేదు. బలం చేస్తే లివరు వంగేలా ఉంది.

షిమ్ముగాడు:
బలం చేయకండి. స్లీవు ఉండాల్సిన దానికంటే ముందుకు జరిగి కీ ముక్కలు పైకి లేచాయి, అవే స్లీవును పట్టుకున్నాయి. ఫోర్కు పిన్ను రాడ్డు రంధ్రంలో పూర్తిగా దిగలేదేమో, లేదా ఫోర్కు తిరగబడిందేమో. వెనక హౌసింగు మాత్రమే తీస్తే చాలు, ముందు భాగం కదపనక్కర్లేదు.

పాతచక్రం:
ఫోర్కే. తిరగేసి వేస్తే 5, రివర్సు రెండూ సాఫీగా వస్తున్నాయి. ఇక ఆయిల్ ఏది పోయాలి? ఇంట్లో జీఎల్-5 రకం గేరు ఆయిల్ ఉంది.

గేర్‌నూనె:
అది డిఫరెన్షియల్‌కి దాచుకోండి. ఇక్కడ 75డబ్ల్యు-90 చిక్కదనం ఉన్న జీఎల్-4, 2.0 లీటర్లు. జీఎల్-5లో, డిఫరెన్షియల్లో ఉండే హైపాయిడ్ గేర్ల కోసం గంధకం, భాస్వరం మోతాదు ఎక్కువ వేస్తారు. పాత రకం మందుల్లో గంధకం వేడికి ఇత్తడిని తినేది. ఇప్పటివాటిలో ఆ బాధ తగ్గినా, జారుడు గుణం అలాగే ఉంటుంది. రింగుకి కావలసింది జారుడు కాదు, పట్టు. జీఎల్-4/జీఎల్-5 అని రెండూ రాసిన డబ్బా మీద ఇత్తడి సింక్రోలకు సురక్షితం అని విడిగా రాసి లేకపోతే తీసుకోకండి.

పోసేటప్పుడు బండి మట్టంగా ఉండాలి. ఫిల్ రంధ్రం అంచు నుంచి కారేవరకు పోస్తే మోతాదు సరిపోయినట్టే. డ్రెయిన్ ప్లగ్గు సుమారు 40–58 న్యూటన్ మీటర్లు, కొత్త వాషరుతో.

స్పానరు14:
ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు సెంటరింగు చువ్వతో సరిచేయండి. 1.6కి ప్లేటు 200 మి.మీ., 1.8కి 215. రెండోది కొనుక్కొచ్చి తంటాలు పడకండి. ఇన్‌పుట్ స్ప్లైన్ల మీద గ్రీజు కనిపించీ కనిపించనంత రాయండి, ఎక్కువైతే చిమ్మి ప్లేటు మీద పడుతుంది. బెల్‌హౌసింగు ఇంజనుకి చేత్తోనే ఆనాలి. వేలెడు సందు ఉండగా బోల్టులతో లాగితే హౌసింగు చెవి విరుగుతుంది. ఆనకపోతే గేరులో పెట్టి వెనక అవుట్‌పుట్ షాఫ్టును కొంచెం తిప్పండి, స్ప్లైన్లు కలుస్తాయి. పీపీఎఫ్ బోల్టులు 104–124 న్యూటన్ మీటర్లు. అవి చివరగా, పెట్టె ఎత్తు సరిచూసుకున్నాకే.

లివరు కింది గిన్నెకి వేరే ఆయిల్ ఉంటుంది, సుమారు 80 మి.లీ. పెట్టెలో పోసింది అక్కడికి ఎక్కదు. గిన్నె ఎండిపోయి, నైలాన్ బుష్షు పొడైపోయి, కింది రబ్బరు తొడుగు చిరిగి ఉంటే లోపల ఎంత కొత్తగా చేసినా లివరు గిలగిలలాడుతూనే ఉంటుంది. మూడూ మార్చండి. రబ్బరు చిరిగితే కేబిన్లోకి వేడి, ఆయిల్ వాసన కూడా వస్తాయి.

పాతచక్రం:
కొత్త రింగులకి రన్నింగు ఎంత ఇవ్వాలి?

ఇత్తడిరింగు:
మొదటి 500 కి.మీ. గేర్లు నిదానంగా మార్చండి, 2కి దింపేటప్పుడు యాక్సిలరేటరు కొద్దిగా ఇచ్చి ఆర్‌పీఎం కలిపి దింపండి. 4000 దాటి గుద్దొద్దు. కొత్త రింగులకి మొదట్లో లివరు కాస్త గట్టిగా అనిపిస్తుంది, బలం చేయకుండా ఒక క్షణం ఆనించి పట్టుకుంటే అదే లోపలికి జారుతుంది. 500 దగ్గర ఆయిల్ దింపేయండి. సన్నటి బంగారు పొడి వస్తే మామూలే. మెరిసే ఉక్కు ముక్క ఒక్కటి కనిపించినా బండి ఆపి నాకు చెప్పండి, 3వ గేరు పళ్లు మళ్లీ చూడాలి.